కాపాడేవాళ్లను కాపాడేది ఏమిటి?

సందేహాలు – సమాధానాలు

ఈశాన్య రుతుపవనాల కాలం దగ్గర పడుతోంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వరద పడవల గురించే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శేషాచలం కొండలతో పాటు పులికాటు సరస్సు, వాకాడు తీరం కూడా ఈ జిల్లాలో చేరాయి. అందువల్ల స్వర్ణముఖి ఒడ్డు నుంచే కాక సముద్రపు ఒడ్డు నుంచీ పాఠకులు రాశారు. పడవేసుకుని ప్రాణాలు కాపాడబోయేవాళ్ల క్షేమం గురించి అడిగిన ఉత్తరాలను ఇక్కడ తీసుకుంటున్నాను.

*

ప్రశ్న: 2021 వరదలో మా వీధుల్లోకి నీళ్లొచ్చినప్పుడు పడవ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాళ్లం. ఇప్పుడు కుర్రాళ్లమంతా చందాలేసుకుని ఒక రబ్బరు పడవ, మోటారు కొనాలనుకుంటున్నాం. ఎలాంటిది కొనమంటారు?
– కొందరు యువకులు, తిరుచానూరు

జవాబు: పడవను ఆఖరున కొనండి. చందా డబ్బుతో ముందు లైఫ్ జాకెట్లు, హెల్మెట్లు, ఈలలు, విసిరే తాళ్లు కొనండి. సంచిలో మడతపెట్టి ఉండి, విసిరితే పదిహేను ఇరవై మీటర్లు సాగే తాడు దొరుకుతుంది. ఒడ్డున నిలబడి ఆ తాడు గురి తప్పకుండా విసరడం వచ్చినవాడు చాలాసార్లు పడవ అవసరమే లేకుండా మనిషిని గట్టెక్కిస్తాడు. చెయ్యో కర్రో అందించడం మొదటిది. తాడు విసరడం రెండోది. పడవ వేయడం మూడోది. మనిషి నీళ్లలోకి దిగడం అన్నిటికంటే చివరిది. ఈ వరస ప్రపంచమంతా రక్షణ బృందాలు పాటించేదే.

మీ నది సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడాది నవంబరులో తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న ఇళ్లు చూస్తుండగానే నీళ్లలోకి ఒరిగిపోయాయి. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అసలు గండం అక్కడే ఉంది. ఎండిన ఏట్లో సర్కారు తుమ్మ కంప మొలుస్తుంది, ఇసుక తోడిన గుంతలు పడతాయి, రైతులు ముళ్లతీగ లాగుతారు, మోటారు షెడ్లు కడతారు. నీళ్లొచ్చాక వీటిలో ఒక్కటీ పైకి కనపడదు. కంపలోంచి నీళ్లు పారతాయి కానీ పడవ దాటదు, మనిషీ దాటడు. వెనకనుంచి వచ్చే నీటి ఒత్తిడి మనిషిని కొమ్మలకేసి అదిమిపెడుతుంది, ఎంత ఈతగాడైనా విడిపించుకోలేడు. నీటి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుందని గుర్తుపెట్టుకోండి. పైగా తుమ్మ ముల్లు రబ్బరు పడవను చీల్చేస్తుంది. ఒకే గదిగా ఉన్న చౌకరకం పడవలైతే అంతటితో మునుగుతాయి. గాలి గదులు విడివిడిగా ఉన్న పడవలో ఒకటి పోయినా మిగతావి తేలుస్తాయి. కొనేటప్పుడు మీరు మొట్టమొదట చూడాల్సింది ఇదే.

ఎంతమంది ఉండాలంటే, పడవలో ముగ్గురు: ఇంజను దగ్గర ఒకరు, ముందు కూర్చుని నీళ్లలోకి చూస్తూ దారి చెప్పేవారు ఒకరు, మనుషుల్ని ఎక్కించుకునేవారు ఒకరు. ఒడ్డున ఎగువ వైపు ఒకరు నిలబడి కొట్టుకొచ్చే మొద్దులు, పశువులు, సిలిండర్లు చూసి ఈల ఊదాలి. దిగువన ఇద్దరు తాళ్లు పట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఈ ఆరుగురూ లేకుండా మీ పడవ కదలకూడదు. మన రాష్ట్రంలో ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. శిక్షణ కోసం జిల్లా విపత్తు నిర్వహణ అధికారుల ద్వారా అడగండి. వాన రాకముందే అడగండి.

*

ప్రశ్న: మా అబ్బాయి ఎస్‌డీఆర్‌ఎఫ్‌లో పనిచేస్తున్నాడు. ఈత బాగా వచ్చు. అయినా వరద డ్యూటీకి వెళ్లాడంటే నాకు కంటి మీద కునుకుండదు. ఫోన్ చేసినప్పుడు వాడిని ఏమని అడగాలి?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ భయం ఉత్తది కాదు. అదే 2021 నవంబరులో నెల్లూరు జిల్లాలో వరదలో చిక్కుకున్నవాళ్లను కాపాడుతూ ఎస్‌డీఆర్‌ఎఫ్ కానిస్టేబులు ఒకరు ప్రాణం విడిచారు. శిక్షణ ఉన్న మనిషే ఆయన. ఉధృతంగా పారే నీళ్లలో ఈత ఒక్కటే గట్టెక్కించదు.

మీరు అడగాల్సింది ఒక్క మాట: “నాయనా, జాకెట్టు తొడ పట్టీలు బిగించుకున్నావా?” చాలామంది ఛాతీ దగ్గర క్లిప్పు పెట్టుకుని సరిపెట్టేస్తారు. కాళ్ల సందునుంచి వచ్చే పట్టీలు అడ్డమనో, ఒరుసుకుంటాయనో వదిలేస్తారు. నీళ్లలో పడ్డాక జాకెట్టు తేలుతుంది, మనిషి బరువు కిందికి లాగుతుంది. పట్టీలు లేకపోతే జాకెట్టు చెవుల దాకా ఎక్కి, చేతులు పైకెత్తగానే తలమీదుగా ఊడిపోతుంది. పరీక్ష చాలా సులువు: పక్కవాడు వెనకనుంచి జాకెట్టు భుజాలు పట్టుకుని బలంగా పైకి లాగాలి. గడ్డం దాటి వస్తే అది వేసుకున్నట్టు లెక్క కాదు. పడవ ఎక్కేముందు ఒకరికొకరు ఇలా లాగి చూసుకోవాలి. పెద్ద అధికారైనా సరే, ఆయన జాకెట్టూ లాగి చూడాల్సిందే.

ఇంకొక్క సంగతి కూడా అడగండి. జాకెట్ల మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది. 50 అని ఉన్నది మెలకువగా ఉన్న ఈతగాడికి ఊతం మాత్రమే. 150 అని ఉన్నది స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి ముఖం నీటిపైన ఉంచేలా తయారైంది. దెబ్బ తగిలి పడేవాడికి కావలసింది ఈ రెండోది.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు 26 మందే బతికారు. ఉక్కగా ఉందని జాకెట్లు విప్పేసినవాళ్లు ఎంతోమంది అని బయటపడ్డవాళ్లే చెప్పారు. ప్రయాణికులు చేసే ఆ పొరపాటు డ్యూటీలో ఉన్నవాళ్లూ చేస్తారు, ముఖ్యంగా పని అయిపోయి తిరిగొచ్చేటప్పుడు. ఒడ్డు మీద కాలు పెట్టేదాకా విప్పొద్దని చెప్పండి. అమ్మ మాట ఇన్‌స్పెక్టరు మాటకంటే ఎక్కువ పనిచేస్తుంది.

*

ప్రశ్న: మేం సముద్రం మీద బతికేవాళ్లం. గాలివాన రోజుల్లో తీరం దగ్గర పడవ బోల్తా కొడితే మొదట పరిగెత్తేది మేమే. కోస్ట్‌గార్డు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. కానీ అలలు విరిగే చోట మా పడవా తలకిందులవుతోంది. ఏం చేయాలి?
– తూపిలిపాళెం, వాకాడు మండలం

జవాబు: సముద్రం గురించి మీకు చెప్పేంత వాణ్ని కాదు. అయితే చిన్న పడవలతో రోజూ ఈ పనే చేసేవాళ్లు రాసిపెట్టుకున్న పద్ధతులు ఉన్నాయి. మీకు తెలిసినవాటితో పోల్చి చూసుకోండి.

నడిసముద్రంలో ఎంత పెద్ద కెరటమైనా పడవను ఎత్తి దింపుతుంది. ముంచేది విరిగే అల. అల ఎత్తుకు కాస్త అటూ ఇటూగా లోతు తగ్గినప్పుడు అది విరుగుతుంది. అంటే గండమంతా ఒడ్డు దగ్గర, ఇసుక దిబ్బల మీద, ఏటి ముఖద్వారాల దగ్గరే. పడవ పొడవులో మూడోవంతు ఎత్తున్న అల పక్కనుంచి విరిగి పడితే ఆ పడవ తిరగబడొచ్చు. అయిదు మీటర్ల పడవకు ఇంచుమించు మనిషి ఎత్తున్న అల చాలు. అందుకే పక్క చూపించకూడదు. బయటికి వెళ్లేటప్పుడు ముక్కు నేరుగా అలకు పెట్టండి. అల శిఖరం మీదికి చేరేటప్పుడు ఇంజను వేగం తగ్గించండి. అదే వేగంతో పోతే ముక్కు గాల్లోకి లేచి, గాలి పట్టి, పడవ వెనక్కి పల్టీ కొడుతుంది. ఇద్దరు ముందువైపు మోకాళ్ల మీద కూర్చుంటే వాళ్ల బరువే ముక్కును అదుపులో ఉంచుతుంది.

తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ పడవలు పోతాయి. కాపాడిన మనుషుల బరువు, అలసట, ఒడ్డు కనిపించిందన్న ఆత్రం అన్నీ తోడవుతాయి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, తర్వాత కాసేపు తగ్గుతాయి. విరిగే గీత బయటే ఆగి, ఆ గుంపు పోయేదాకా చూడండి. తర్వాత ఒక అల వీపు మీద ఉంటూ, దాన్ని దాటిపోకుండా, వెనకదానికి దొరకకుండా దాని వేగంతోనే రండి. వెనకాల అల అందుకుందంటే పడవ పక్కకు తిరిగి బోల్తా పడుతుంది. అలల తీరు నచ్చకపోతే ఆ గీత బయటే ఆగిపోండి. పడవలో ఇంకో రెండు గంటలు ఆగినవాళ్లు బతుకుతారు.

నీళ్లలో ఉన్న మనిషిని చేరేటప్పుడు అలకు ఎదురు ముఖంగా వెళ్లండి. మనిషి పక్కకు రాగానే ఇంజను న్యూట్రల్‌లో పెట్టండి. పడవ మధ్యభాగం నుంచే ఎక్కించుకోండి. వెనకనుంచి ఎక్కిస్తే ఇంజను రెక్కలు అతని కాళ్ల దగ్గర ఉంటాయి. తాడు ఎవరూ చేతికి చుట్టుకోకూడదు. పడవలో నిటారుగా కూర్చుంటే అల దెబ్బ మొత్తం వెన్నుపూస మీద పడుతుంది. మోకాళ్లు వంచి ఉంటే ఆ దెబ్బ కాళ్లు తీసుకుంటాయి. ఏటా నడుములు పోగొట్టుకునే కుర్రాళ్లున్నారు, వాళ్లు నీళ్లలో పడకుండానే గాయపడినవాళ్లు.

పడవ తిరగబడిందనుకోండి. ముందు మనుషుల్ని లెక్కపెట్టండి. పేరు పేరునా పిలవండి. పడవను వదిలి ఒడ్డుకు ఈదొద్దు. వెతికేవాళ్లకు తల కనపడదు, పడవ కనపడుతుంది. బ్రిటన్‌లో 1824 నుంచీ నడుస్తున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే స్వచ్ఛంద రక్షణ సంస్థకు అయిదు మీటర్ల రబ్బరు పడవలున్నాయి. తలకిందులైతే అందులోని ముగ్గురే తాళ్లు పట్టి తిప్పి నిలబెడతారు. ఇంజను కూడా మునిగాక మళ్లీ స్టార్టయ్యేలా ఉంటుంది. అది వాళ్లకు చేతనైంది, పడవను కావాలనే బోల్తా కొట్టించి పదేపదే సాధన చేయడం వల్ల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా. ఆ రోజుల్లో పొద్దుటిపూట సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు మీ కుర్రాళ్ల చేత ఇదే చేయించండి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అలల హెచ్చరికలు ఇస్తుంది, బయలుదేరే ముందు చూడండి. మీ పక్కనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేసే ఇస్రో, మత్స్యకారుల కోసమే ఆపద సమాచారం పంపే పరికరం తయారుచేసింది. కొత్త రకంలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు వెళ్లడమే కాదు, అందిందన్న జవాబూ మీకు తిరిగొస్తుంది. రక్షించడానికి వెళ్లే పడవలోనూ అది ఉండాలి.

*

ప్రశ్న: నేను అవుట్‌బోర్డు మోటార్లు బాగుచేస్తాను. ఎర్ర చుట్టల తాడు ఒకటి కిల్ స్విచ్‌కి ఉంటుంది కదా, అది మాటిమాటికీ ఊడి ఇంజను ఆగిపోతోందని జనం దాన్ని మోటారుకే కట్టేయమంటారు. కట్టేస్తే తప్పా?
– ఒక మెకానిక్, సూళ్లూరుపేట

జవాబు: తప్పే. దయచేసి ఎవరికీ అలా కట్టివ్వకండి.

ఆ తాడు ఒక కొస స్విచ్‌లో, రెండో కొస నడిపేవాడి తొడకు ఉండాలి. అతను పడిపోతే తాడు లాగి ఇంజను ఆగుతుంది. తాడు మోటారుకే ఉంటే, మనిషి పడ్డా ఇంజను ఆగదు. పట్టుకునేవాడు లేని పడవ గుండ్రంగా తిరిగి, పడినవాడి మీదికే మళ్లీ మళ్లీ వస్తుంది. 2013 మే 5న ఇంగ్లాండులో పాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబమంతా స్పీడ్‌బోటులోంచి నీళ్లలో పడిపోయింది. నడుపుతున్నవారు ఆ తాడు తగిలించుకోలేదు. పడవ తిరుగుతూ వాళ్ల మీదికే వచ్చింది. తండ్రి, ఎనిమిదేళ్ల కూతురు చనిపోయారు, తల్లి, కొడుకు తీవ్రంగా గాయపడ్డారు.

ఊడిపోతోందంటే తాడు పొట్టిదన్నా అయి ఉండాలి, క్లిప్పు అరిగిపోయైనా ఉండాలి. కొత్తది వేయండి. చేతి మణికట్టుకు కట్టుకుంటే తిప్పినప్పుడల్లా లాగుతుంది, తొడకు చుట్టుకుంటే ఆ బాధ ఉండదు. పడవలో ఇంకో తాడు విడిగా ఉంచమనండి. మొదటిది మనిషితో పాటు నీళ్లలో పోతే మిగిలినవాళ్లు ఇంజను స్టార్టు చేసుకుని అతని కోసం రాగలగాలి. మన తీరంలో వాడే పొడవాటి షాఫ్టు ఇంజన్లు చాలావాటికి ఆ స్విచ్చే ఉండదు. మీలాంటి పనివాళ్లు దాన్ని అమర్చగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు.

*

ప్రశ్న: పులికాటులో నడుంలోతు నీళ్లే. ఇరకం దీవికి వెళ్లే పడవల్లో జాకెట్లెందుకు?
– తడ మండల పాఠకుడు

జవాబు: లోతు తక్కువ కాబట్టే అక్కడ గాలికి పొట్టి అలలు ఒకదాని వెంట ఒకటి దగ్గరదగ్గరగా లేస్తాయి. పడవ ఒకదాని మీంచి దిగకముందే రెండోది లోపలికి పోస్తుంది. అడుగున బురద. నిలబడబోయినవాడి కాలు దిగిపోతుంది. పిల్లలకు నడుంలోతు కూడా తల మునిగే లోతే. వేసుకోండి.

*

ప్రశ్న: 2021లో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పటినుంచి ఒక అనుమానం. చెరువు మరవ (అలుగు) పారుతున్నప్పుడు దాని కింద మనిషి చిక్కుకుంటే, దిగువనుంచి పడవలో వెళ్లి తేవచ్చా?
– ఒక రైతు, రామచంద్రాపురం మండలం

జవాబు: వద్దు. ఇది నేను గట్టిగా చెప్పాల్సిన జవాబు, ఎందుకంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చెరువులెన్నో మరవలూ అన్ని. చప్టాలూ, చెక్‌డ్యాములూ అంతే.

మరవ మీద నీళ్లు దిగువకు జారి పడుతుంటే చూడ్డానికి సాఫీగా, ముచ్చటగా ఉంటాయి. ఎత్తు కూడా నాలుగడుగులే అనిపిస్తుంది. కింద పడ్డ నీళ్లు అడుగుదాకా వెళ్లి పైకి లేచి, పైపొర మళ్లీ మరవ గోడవైపే వెనక్కి పారుతుంది. అక్కడ పడ్డ దుంగ గంటల తరబడి అక్కడే గిరగిరా తిరగడం మీరు చూసే ఉంటారు. మనిషినీ పడవనూ అలాగే లాక్కుంటుంది. దిగువనుంచి వచ్చే పడవ ముక్కు ఆ వెనక్కి పారే నీటికి అందిందంటే ఇంజను రివర్సులో పెట్టినా ఆగకుండా గోడ దగ్గరికి పోతుంది, జారే నీళ్లు ముందుభాగాన్ని నింపేస్తాయి. ఆ నీళ్లలో గాలి బుడగలు ఎక్కువ. బుడగల నీళ్లు బరువు మోయవు. కాబట్టి లైఫ్ జాకెట్టు కూడా పూర్తిగా తేల్చదు, ఇంజను రెక్కలకు పట్టు దొరకదు.

చేయగలిగింది ఒడ్డునుంచే. రెండు ఒడ్లలో మనుషులుండి తాళ్లు విసరాలి. పడవ తప్పనిసరైతే రెండు ఒడ్లనుంచి మోకులతో పట్టి, అంగుళం అంగుళం వదులుతూ తీసుకెళ్లే పని అది, శిక్షణ ఉన్న బృందం చేయాల్సింది. ఊరివాళ్లు చేయగలిగిన మేలు ఎగువన ఉంటుంది. మరవ పారడం మొదలుకాగానే చెరువులో పడవ, తెప్ప, పుట్టి ఏదీ ఆ వైపుకు రాకుండా తాడు కట్టి, ఒక మనిషిని కాపలా పెట్టండి.

*

ప్రశ్న: నడుముకు మోకు కట్టుకుని దిగడం మా ఊళ్లో అలవాటు. అది మంచిదే కదా?
– శ్రీకాళహస్తి

జవాబు: పారే నీళ్లలో కాదు. తాడు బిగిసిన క్షణంలో నీటి తోపు మనిషిని అడుగుకు నొక్కేస్తుంది. పైనుంచి లాగేకొద్దీ ఇంకా మునుగుతాడు. ముడి నీళ్లలో విప్పుకోలేడు. ఒక్క లాగుతో ఊడిపోయే పట్టీ వీపు వెనక ఉన్న జాకెట్లు ప్రత్యేకంగా దొరుకుతాయి. అవి ఉండి, వాడటం వచ్చినవాళ్లే తాడుతో దిగాలి. మిగతావాళ్లు తాడును చేత్తో పట్టుకోవాలి, నడుముకు కట్టుకోకూడదు.

*

ప్రశ్న: ఒడ్డున జనం అరుస్తుంటారు, సెల్‌ఫోన్లతో వీడియోలు తీస్తుంటారు, నాయకులు తొందరపెడతారు. పడవ వేయడం ప్రమాదమని మాకు తెలుస్తూనే ఉంటుంది. వద్దని చెప్పే హక్కు ఎవరికి ఉండాలి?
– అగ్నిమాపక శాఖ ఉద్యోగి, పేరు రాయలేదు

జవాబు: పడవలో ఉన్న ఎవరికైనా. ముగ్గురిలో అందరికంటే చిన్నవాడు “వద్దు” అన్నా పడవ ఆగాలి. “వెళ్దాం” అనడానికి మాత్రం ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒడ్డున ఉన్నవాళ్లకు ఎంత పెద్ద పదవి ఉన్నా ఈ విషయంలో మాట చెల్లకూడదు. ఇది ముందే రాసిపెట్టుకుని, తహసీల్దారు దగ్గరనుంచి సర్పంచి దాకా అందరికీ తెలియజేసి ఉంచాలి. నది పొంగాక వాదించుకునే విషయం కాదిది. చిక్కుకున్నవాళ్లు మేడ మీదో చెట్టు మీదో నిలకడగా ఉంటే తెల్లవారేదాకా ఆగడం పిరికితనం కాదు. 2021 నవంబరు 19న అనంతపురం జిల్లా చిత్రావతిలో జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని తెచ్చింది పడవ కాదు, వాయుసేన హెలికాప్టరు. ఎక్కడ ఏ సాధనం పంపాలో ఎంచుకోవడం కూడా రక్షణ పనిలో భాగమే.

వీధుల్లో నీళ్లున్నచోట పడవ వేసేముందు కరెంటు తీయించారా అని ఒక్కసారి కాదు, రెండుసార్లు అడగండి. వేలాడే తీగలు తడిసిన మనుషుల తల ఎత్తులో ఉంటాయి. 1912కు చెప్పి, తీశామన్న మాట విన్నాకే కదలండి.

ఇక ఒక పాత సంగతి. 1981 డిసెంబరు 19 రాత్రి ఇంగ్లాండులో మౌస్‌హోల్ అనే చిన్న మత్స్యకార గ్రామం నుంచి, తుపాను గాలిలో కొట్టుకుపోతున్న యూనియన్ స్టార్ అనే ఓడను ఆదుకోవడానికి సాలమన్ బ్రౌన్ అనే రక్షణ పడవ వెళ్లింది. అందులో ఎనిమిది మందీ స్వచ్ఛందంగా వచ్చిన ఊరివాళ్లే. ఓడలో ఎనిమిది మంది ఉన్నారు. పదహారు మందీ ఆ రాత్రి పోయారు. బయలుదేరేముందు సరంగు ఒక కుర్రాణ్ని ఎక్కనివ్వలేదు. అతని తండ్రి అప్పటికే పడవలో ఉన్నాడు. ఇలాంటి రాత్రి ఒక ఇంటినుంచి ఒక్కరికి మించి తీసుకెళ్లనన్నాడు. ఆ కుర్రాడు బతికాడు, తర్వాత అదే కేంద్రంలో రక్షణ పడవకు సరంగు అయ్యాడు. మన తీరంలో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకే పడవలో వెళ్తారు. రోజువారీ వేటకు అది తప్పదు. గాలివానలో కాపాడటానికి వెళ్లేటప్పుడైనా ఈ ఒక్క నియమం పెట్టుకోమని తూపిలిపాళెం నుంచి ఇరకం దాకా ప్రతి ఊరి పెద్దలనూ అడుగుతున్నాను.

ఈ అంకెలు పడవ లోపల చెరగని రంగుతో రాయించండి: సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డు 1554, తీరప్రాంత పోలీసు 1093, ఎక్కడైనా 112. అక్టోబరు రాకముందే జాకెట్లు మూలనుంచి బయటికి తీసి, తొడ పట్టీలు లాగి చూడండి. చిరిగినవాటిని కుట్టించకండి, మార్పించండి.